స్లో కుక్కర్ మన హైదరాబాద్ ఇళ్లకు పనికొస్తుందా? ఉద్యోగాలు చేసుకునేవారి అనుభవాలు కావాలి

మల్లెపందిరి (మల్కాజిగిరి), ఆదివారం ఉదయం 10:20

అందరికీ నమస్కారం. నేను గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాను. ఉదయం 7:45కి ఇంటి నుంచి బయలుదేరితే మళ్లీ గడప తొక్కేసరికి రాత్రి ఏడున్నర దాటుతుంది. ఇంట్లో మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్యగారు, నేను ఉంటాము. అత్తయ్యగారు మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నారు కనుక పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేరు. ఉదయం పెట్టే టిఫిన్ డబ్బాలు, రాత్రి భోజనం రెండూ నా చేతి మీదుగానే సాగాలి.

అమెరికాలో ఉంటున్న మా ఆడపడుచు వచ్చే నెల వస్తూ తన దగ్గరున్న స్లో కుక్కర్‌ను (కరెంటుతో సన్నని వేడి మీద గంటల తరబడి వండే పాత్ర) మాకు తెస్తానంటోంది. "పొద్దున అన్నీ అందులో వేసి స్విచ్ నొక్కి వెళ్లిపో వదినా, సాయంత్రానికి కూర సిద్ధంగా ఉంటుంది" అని ఎంతో నమ్మకంగా చెబుతోంది. నాకు మాత్రం సందేహాలు తీరడం లేదు. ఎనిమిది గంటల్లో ఉడికే కూర నేను వచ్చేవరకు పన్నెండు గంటలు అందులోనే ఉంటే ఏమవుతుంది? మధ్యలో కరెంటు పోతే ఆ కూరను తినవచ్చా? పప్పు, పులుసు, కూరలు తినే మనకు ఇందులో నిజంగా ఏయే వంటలు కుదురుతాయి? వీటన్నిటికీ మించి, మనుషులు నిద్రపోతున్నప్పుడో ఇంట్లో లేనప్పుడో కరెంటు మీద గిన్నె పెట్టి వదిలేయడమేమిటని అత్తయ్యగారు భయపడుతున్నారు. వాడినవారు వివరంగా చెబితే మా ఆడపడుచుకు తెమ్మనో వద్దనో చెబుతాను.

నాలుగో అంతస్తు (కూకట్‌పల్లి), ఆదివారం ఉదయం 10:55

ముందుగా ఒక్క మాట చెబుతాను. మిగిలిన విషయాలకు తరువాత వస్తాను. దయచేసి ఆ కుక్కర్‌ను అక్కడి నుంచి తెప్పించుకోవద్దు. అమెరికా ఇళ్లలో వచ్చేది 120 వోల్టుల కరెంటు, మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు. వేడి పుట్టించే తీగ మీద వోల్టేజి రెట్టింపు కావస్తే విద్యుత్తు వాడకం రెట్టింపుతో ఆగదు, దాదాపు మూడున్నర రెట్లు దాటుతుంది. అక్కడ 240 వాట్లతో మెల్లగా మరిగే కుక్కర్‌ను మన సాకెట్లో పెడితే అది 880 వాట్ల దాకా లాగుతుంది. తీగ మాడిపోవడమో, గిన్నె పగలడమో, అంతకన్నా పెద్ద ప్రమాదమో జరుగుతుంది. ప్లగ్గు కాళ్లు మార్చే చిన్న అడాప్టరు వోల్టేజిని తగ్గించదన్న సంగతి చాలామందికి తెలియదు. మా అపార్ట్‌మెంటులోనే ఒకరు బంధువులు తెచ్చిన కుక్కర్‌ను అలా అడాప్టరుతో పెట్టి పది నిమిషాల్లో ఇంటి నిండా పొగ తెచ్చుకున్నారు.

తప్పనిసరిగా దానినే వాడాలనుకుంటే వోల్టేజిని తగ్గించే, 500 వాట్లకు తగ్గని స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కోవాలి. అది బరువైన ఇనుప పెట్టె, గంటల తరబడి దానిని వేడెక్కనివ్వడం కూడా నాకు నచ్చదు. 230 వోల్టులకు తయారైన కుక్కర్‌ను ఇక్కడే కొనుక్కోండి.

పోపులడబ్బా (నల్లకుంట), ఆదివారం మధ్యాహ్నం 1:15

మల్లెపందిరి గారూ, నేను ఆరేళ్లుగా మూడున్నర లీటర్ల స్లో కుక్కర్‌ను వాడుతున్నాను. మొదటి మూడు నెలలు మీ ఆడపడుచు చెప్పినట్లే ఉదయం పెట్టి వెళ్లిపోయేదాన్ని. తరువాత ఆ పద్ధతిని పూర్తిగా మానుకున్నాను. మన ఊళ్లో ఇది రాత్రి వంటకు పనికొచ్చే పాత్ర అని నా గట్టి అభిప్రాయం. కారణాలు వివరంగా చెబుతాను.

కుక్కర్‌లో రెండు స్థాయిలు ఉంటాయి. 'లో'లో పెడితే ఏడెనిమిది గంటలు, 'హై'లో పెడితే మూడు నాలుగు గంటలు పడుతుంది. 'హై' అంటే వేడి ఎక్కువని చాలామంది అనుకుంటారు. చాలా మోడళ్లలో రెండింటి తుది వేడి ఇంచుమించు ఒకటే, అది నీరు మరిగే దశకు కొంచెం కిందనే ఉంటుంది. తేడా అంతా అక్కడికి చేరడానికి పట్టే సమయంలోనే ఉంటుంది. మీరు ఉదయం 7:45కి 'లో'లో పెడితే మధ్యాహ్నం మూడున్నరకే కూర తయారవుతుంది. మీరు వచ్చేవరకు మరో నాలుగు గంటలు అది మగ్గుతూనే ఉండడం వల్ల ముక్కలు విడిపోయి, మసాలా ఘాటు మారిపోయి, అంచులు ఎండిపోతాయి. కొందరు దీనికి పరిష్కారంగా ప్లగ్గుకు టైమరు తగిలించి, ఉదయం గిన్నె నింపి పదకొండు గంటలకు వెలిగేలా పెడుతుంటారు. అది చాలా ప్రమాదకరం. 4 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయి. మన మే నెలలో వంటింట్లో మూడు గంటలు పచ్చి మాంసాన్ని బయట ఉంచడం అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కర్లేదు.

అదే రాత్రి పదింటికి పెట్టారనుకోండి, ఉదయం ఆరింటికి సరిగ్గా ఎనిమిది గంటలవుతాయి. మీరు ఇంట్లోనే ఉంటారు. కరెంటు పోయినా తెలుస్తుంది, వాసన మారినా తెలుస్తుంది. ఉదయం లేచి మూత తీసి, పక్క పొయ్యి మీద ఐదు నిమిషాలు పోపు పెట్టి కలిపితే డబ్బాలకు కూర సిద్ధమవుతుంది. మిగిలినది వెడల్పు గిన్నెలలోకి తీసి, రెండు గంటలు దాటకముందే ఫ్రిజ్‌లో పెట్టుకుంటే అదే రాత్రి భోజనానికి వస్తుంది. రాత్రి దానిని పొయ్యి మీద తెర్లేలా వేడి చేయాలి. ఫ్రిజ్‌లో నుంచి తీసిన కూరను మళ్లీ స్లో కుక్కర్‌లోనే వేడి చేయడం మంచిది కాదు, ఎందుకంటే అది తగినంత వేడెక్కడానికి గంటలు పడుతుంది.

ఇక పోపు గురించి నొక్కి చెబుతాను. ఈ కుక్కర్ వేయించలేదు. ఉల్లిపాయ ఎర్రబడడానికి, ఆవాలు చిటపటలాడడానికి, ఇంగువ వాసన రావడానికి కావలసిన నూనె వేడి ఇందులో ఎప్పటికీ పుట్టదు. పచ్చి ఉల్లిపాయ, పచ్చి అల్లం వెల్లుల్లి ముద్ద నేరుగా వేస్తే ఎనిమిది గంటల తరువాత కూడా ఆ పచ్చి వాసన పోదు. రాత్రి పది నిమిషాలు కేటాయించి బాణలిలో ఉల్లిపాయను గోధుమ రంగు వచ్చేవరకు, ముద్దను పచ్చివాసన పోయేవరకు, మాంసాన్ని నీరు ఇగిరేవరకు వేయించి, ఆ తరువాతే కుక్కర్‌లోకి మార్చండి. ఆ పది నిమిషాల పని తప్పించుకుందామనుకుంటే మాత్రం ఈ కుక్కర్ కొనకండి. నీళ్లు మీ అలవాటు కన్నా సగమే పోయండి, ఆవిరి బయటకు పోదు. లవంగం, దాల్చినచెక్క కూడా సగమే వేయండి, రాత్రంతా నానిన లవంగం కూర మొత్తాన్ని కషాయంలా మారుస్తుంది.

మూడు విజిళ్లు (దిల్‌సుఖ్‌నగర్), ఆదివారం మధ్యాహ్నం 2:40

పోపులడబ్బా గారి అనుభవం మీద గౌరవంతోనే ఒక భిన్నాభిప్రాయం చెబుతున్నాను. రాత్రి పది నిమిషాలు వేయించి, ఉదయం ఐదు నిమిషాలు పోపు పెట్టేవారికి ప్రెషర్ కుక్కర్ ఎందుకు సరిపోదు? కందిపప్పు నాలుగు విజిళ్లకు, మటన్ పాతిక నిమిషాలకు ఉడుకుతాయి. మా ఇంట్లో ఐదు లీటర్ల కుక్కర్ ఇరవై ఏళ్లుగా ఉంది, రెండు వాషర్లు, ఒక వెయిటు మార్చడం తప్ప దానికి ఖర్చన్నది లేదు. చిన్న వంటిళ్లలో మరో పాత్రకు, మరో ప్లగ్గుకు చోటు ఎక్కడిది? కొత్త వస్తువు కొనే ముందు ఉన్న వస్తువును సరిగా వాడుకుంటున్నామో లేదో చూసుకోవాలని నా మనవి.

పోపులడబ్బా (నల్లకుంట), ఆదివారం మధ్యాహ్నం 3:30

మీ మాటలో చాలా న్యాయం ఉంది. కందిపప్పు, పెసరపప్పు, అన్నం, బంగాళదుంప కూర వంటివాటికి నేను కూడా ప్రెషర్ కుక్కర్‌నే వాడతాను. పావుగంటలో ఉడికే పప్పును ఎనిమిది గంటలు ఉడికించడంలో అర్థం లేదు. బెండకాయ, దొండకాయ, వంకాయ వేపుళ్లకు బాణలి తప్ప వేరే దారి లేదు. మునక్కాడను రాత్రంతా ఉంచితే పొద్దునకు పీచు మాత్రమే మిగులుతుంది. చేపను ఇందులో నేను అసలు పెట్టను.

నేను దీనిని నాలుగైదు వంటలకే వాడతాను. ముదురు మటన్, ఎముకల పులుసు, పొట్టు మినుములు, కాబూలీ శనగలు, జావలు. ముదురు మాంసంలో తెల్లగా కనిపించే జిగురు పొర సన్నని వేడిలో గంటల తరబడి ఉంటేనే కరిగి చిక్కని రసంగా మారుతుంది. ప్రెషర్ కుక్కర్‌లోనూ అది త్వరగా కరుగుతుంది, కాదనను. కానీ అంత వేడికి కండ పీచు బిగుసుకుని, ముక్క మెత్తబడినా నోట్లో పొడిగా అనిపిస్తుంది. రెండు ఇళ్లలో రెండు పద్ధతుల్లో వండిన ఒకే మటన్‌ను పక్కపక్కన పెట్టుకుని తింటే తేడా తెలుస్తుంది. ఇంకొక సంగతి, ఐదు నిమిషాలకొకసారి విజిళ్లు లెక్కపెట్టుకుంటూ, పిల్లవాడి హోమ్‌వర్కు మధ్యలో లేచి మంట తగ్గించే పని ఉండదు. నాకు దీనివల్ల కలిగిన అసలైన సౌఖ్యం అదే.

నాలుగో అంతస్తు (కూకట్‌పల్లి), ఆదివారం సాయంత్రం 5:10

మల్లెపందిరి గారి అత్తయ్యగారి భయం గురించి ఇప్పుడు చెబుతాను. ఆ భయాన్ని తేలికగా తీసుకోకూడదు, అయితే దానికి సమాధానం ఉంది. మూడున్నర లీటర్ల కుక్కర్ సుమారు 200 వాట్లు తీసుకుంటుంది. గీజర్ 2000 వాట్లు, ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు తీసుకుంటాయి, వాటితో పోల్చి చూడండి. ఎనిమిది గంటలు నడిచినా 1.6 యూనిట్లు దాటదు. తీగల మీద పడే భారం ఒక ఆంపియరు కూడా ఉండదు.

ప్రమాదం వచ్చేది కుక్కర్ వల్ల కాదు, దానిని పెట్టే తీరు వల్ల వస్తుంది. వదులుగా ఉన్న పాత ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించవద్దు, గోడ సాకెట్లోనే పెట్టండి. గ్రానైట్ గట్టు మీద గోడకు జానెడు దూరంలో ఉంచండి. కింద గుడ్డ, ప్లాస్టిక్ షీటు, పాత పేపరు ఏవీ పరచకండి. బయటి లోహం ముట్టుకోలేనంత వేడెక్కుతుంది కనుక చిన్నపిల్లలకు అందకుండా, వేలాడే తీగ దానికి తగలకుండా చూడండి.

కరెంటు పోవడం గురించి అడిగారు. రాత్రి పెట్టారు కనుక ఎంతసేపు పోయిందో మీకు తెలుస్తుంది. మూత తీయకుండా ఉంచితే బరువైన పింగాణీ గిన్నె వేడిని బాగా పట్టి ఉంచుతుంది కనుక పది నిమిషాలకో పావుగంటకో భయపడనక్కర్లేదు. ఎక్కువసేపు రాకపోతే గ్యాస్ పొయ్యి మీద వేరే గిన్నెలోకి మార్చి అక్కడే పూర్తి చేయండి. పింగాణీ గిన్నెను నేరుగా మంట మీద పెట్టకండి, పగిలిపోతుంది. ఎవరూ ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి వచ్చిందని, ఎంతసేపు పోయిందో తెలియదని అనిపిస్తే మాత్రం చూడడానికి ఉడికినట్లే ఉన్నా ఆ కూరను పారవేయడమే మంచిది. మీ ఇంట్లో ఇన్వర్టరు ఉంటే 200 వాట్ల కుక్కర్‌ను అది గంటా రెండు గంటలు సులభంగా నడుపుతుంది. అయితే వంటింట్లోని పెద్ద పవర్ సాకెట్లను సాధారణంగా ఇన్వర్టరుకు కలపరు. లైట్ల లైనులో ఉన్న చిన్న సాకెట్లో పెట్టుకోవాలి. ఏ సాకెట్ దేనిలో ఉందో మెయిన్ ఆపి ఒకసారి చూసుకుంటే తెలిసిపోతుంది.

టోలీచౌకీ దస్తర్‌ఖాన్, ఆదివారం రాత్రి 9:05

అస్సలాము అలైకుమ్, అందరికీ నమస్కారం. సన్నని సెగ మీద రాత్రంతా వండడం మన హైదరాబాద్‌కు కొత్త విద్య కాదు. రంజాన్ నెలలో ఇటుకలు, మట్టితో కట్టిన భట్టీలలో దేగ్ (పెద్ద వంటపాత్ర) పెట్టి పన్నెండు గంటల దాకా హలీమ్ వండుతారు, బరువైన కర్ర ఘోట్నీలతో దంచుతూ గోధుమ, పప్పు, మాంసం ఏది ఏదో తెలియనంతగా కలుపుతారు. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన దేశంలో ఒక మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి. బార్కస్‌లో గోధుమ, మాంసంతో చేసే హరీస్, పాతబస్తీలో తెల్లవారుజామున దొరికే పాయా (మేక కాళ్ల పులుసు), నాహరి (మాంసం పులుసు) కూడా రాత్రంతా మగ్గినవే. స్లో కుక్కర్‌లో ఆ బొగ్గుల పరిమళం రాదు, ఘోట్నీ దెబ్బ రాదు. అందుకే ఇంట్లో హలీమ్ చేస్తానని ఎవరికీ మాట ఇవ్వకండి. పాయా మాత్రం అచ్చంగా కుదురుతుంది.

నేను చేసే విధానం చెబుతాను. కాల్చి శుభ్రం చేసిన నాలుగు మేక కాళ్లను ముందు విడి గిన్నెలో పది నిమిషాలు గలగలా మరగనిచ్చి, పైకి తేలిన నురగతో పాటు ఆ నీటిని పారబోస్తాను. వేయించిన ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, పసుపు, రెండు యాలకులు, నాలుగు మిరియాలు, ఒక్క లవంగం కలిపి కాళ్లను కుక్కర్‌లో పెట్టి, అవి మునిగేవరకు మరిగిన నీళ్లు పోస్తాను. చన్నీళ్లు పోస్తే వేడెక్కడానికే రెండు గంటలు వృథా అవుతాయి. రాత్రి తొమ్మిదింటికి 'లో'లో పెడతాను. తెల్లవారి ఫజర్ నమాజుకు లేచేసరికి వంటింటి తలుపు దగ్గరే వాసన ఎదురవుతుంది. మూత తీస్తే పైన నెయ్యి రంగు కొవ్వు పలుచని పొరలా కదులుతూ ఉంటుంది. గరిటె అంచుతో కీలు దగ్గర తాకితే చాలు, చర్మం జారి ఎముక తెల్లగా బయటపడుతుంది. రెండు చెంచాల శోర్వా తాగితే పెదవులు ఒకదానికొకటి అంటుకుంటాయి. అలా అంటుకుంటేనే పాయా ఉడికినట్లు అని మా అమ్మీ చెప్పేవారు. నిమ్మరసం, కొత్తిమీర, పచ్చిమిర్చి వడ్డించేటప్పుడే వేయాలి.

ఉద్యోగం చేసే ఇల్లాలికి ఇంకా ఎక్కువ ఉపయోగపడేది దాల్చా. అరకిలో మటన్‌ను వేయించి, రెండు గంటలు నానిన కప్పు శనగపప్పుతో కలిపి మూడు కప్పుల వేడినీళ్లతో రాత్రంతా ఉంచండి. సొరకాయను, చింతపండును అందులో వేయకండి. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు, సొరకాయేమో కరిగిపోతుంది. ఉదయం సొరకాయ ముక్కలను చింతపండు రసంలో, ఉప్పు వేసి పావుగంట విడిగా ఉడికించి కలిపి, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టండి. అన్నంలోకి, బగారా అన్నంలోకి, ఆ రాత్రి రొట్టెల్లోకి కూడా సరిపోతుంది.

పెరటి తోట (సైనిక్‌పురి), సోమవారం ఉదయం 6:50

మాది శాకాహార కుటుంబం. ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయడానికే రాస్తున్నాను. ఎర్ర రాజ్మాను పచ్చిగా నేరుగా స్లో కుక్కర్‌లో ఎప్పుడూ వేయకండి.

మూడేళ్ల క్రితం కుక్కర్ కొన్న వారంలోనే, నానబెట్టిన రాజ్మాను ఉల్లిపాయ, టమాటాలతో కలిపి 'లో'లో పెట్టాను. ఎనిమిది గంటల తరువాత గింజలు కొంచెం గట్టిగా ఉన్నాయి కానీ తినగలిగేలాగే ఉన్నాయి. తిన్న రెండు గంటలకు మావారికి, మా అమ్మాయికి, నాకు ఒకరి తరువాత ఒకరికి వాంతులు మొదలయ్యాయి. ఆ రాత్రంతా మేము ముగ్గురం పడిన బాధ ఇప్పటికీ మరువలేదు. కూర పాడయిందని అనుకున్నాను. తరువాత తెలిసినదేమిటంటే, పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ (కడుపుకు హాని చేసే ఒక ప్రోటీన్) ఉంటుంది, అది బాగా మరిగే నీటిలోనే నశిస్తుంది. స్లో కుక్కర్‌లో గింజ మధ్యభాగం ఒక్కోసారి ఆ వేడిని చేరుకోదు. సరిగా ఉడకని నాలుగైదు గింజలు కూడా కడుపును అతలాకుతలం చేయడానికి చాలు.

కాబట్టి రాజ్మాను కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో పొయ్యి మీద గలగలా మరిగించాలి. పది నిమిషాలు కనీస కాలం, అరగంట మరిగిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. ఆ తరువాత కుక్కర్‌లోకి మార్చుకోవచ్చు. ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించేవారికి ఈ సమస్యే రాదు, ఆ విషయంలో మూడు విజిళ్లు గారి పక్షమే నాది. తెల్ల రాజ్మాలో ఆ పదార్థం తక్కువే అయినా నేను దానికీ అదే జాగ్రత్త పాటిస్తాను.

నక్షత్ర మల్లిక (కొండాపూర్), సోమవారం మధ్యాహ్నం 12:30

పెరటి తోట గారూ, మీ హెచ్చరికకు కృతజ్ఞతలు. నాది చిన్న సందేహం. కాబూలీ శనగలను రాత్రంతా నానబెట్టి, మరో రాత్రి తొమ్మిది గంటలు ఉడికించినా మా ఇంట్లో గట్టిగానే ఉంటున్నాయి. అదే శనగలు మా అమ్మగారి ఇంట్లో వెన్నలా ఉడుకుతాయి. కుక్కర్‌లోనే లోపం ఉందేమో అనిపిస్తోంది.

పెరటి తోట (సైనిక్‌పురి), సోమవారం మధ్యాహ్నం 1:45

మీ ఇంటికి వచ్చేది బోరు నీరా? అయితే కుక్కర్‌ను తప్పు పట్టకండి. బోరు నీటిలో ఉండే కాల్షియం గింజ పొట్టులోని పెక్టిన్ అనే జిగురు పదార్థంతో కలిసి దానిని గట్టిపరుస్తుంది. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లని పొర కడుతుంటే నీరు కఠినమైనదని గుర్తు. నానబెట్టడానికి, ఉడకబెట్టడానికి రెండింటికీ మంజీరా నీళ్లో ఫిల్టరు నీళ్లో వాడండి. నానబెట్టే నీటిలో చిటికెడు వంట సోడా వేసి, తరువాత ఆ నీటిని పారబోసి కడగండి. టమాటా, ఆమ్‌చూర్, చింతపండు ఏ పులుపైనా గింజ మెత్తబడిన తరువాతే వేయండి. పొట్టు మినుములకు కూడా ఇవే నియమాలు వర్తిస్తాయి. మినుములు రాత్రంతా మగ్గి ఉదయానికి తమంతట తామే చిక్కబడతాయి, చివరి అరగంటలో వెన్న, మీగడ కలిపితే చాలు. పాలు, పెరుగు, మీగడ మొదటి నుంచీ వేస్తే విరిగిపోతాయి.

కుంపటి (వనస్థలిపురం), సోమవారం రాత్రి 8:20

చిరంజీవులకు ఆశీస్సులు. నాకు డెబ్బై ఒకటో ఏడు. మా కోడలు ఈ చర్చను చదివి వినిపిస్తే ఉండలేక రాయిస్తున్నాను.

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి పక్కన. పెరట్లో ఒక మూల దాలి ఉండేది. చిన్న గుంటలో పిడకలు పేర్చి నిప్పు రాజేసి, పైన బూడిద కప్పి, పాలకుండను దాని మీద పెట్టేవారు. పొద్దున పెట్టిన పాలు సాయంకాలానికి లేత గులాబి రంగుకు తిరిగి, అరచేతి మందాన మీగడ కట్టేవి. మంట కనిపించదు, పొంగి పోవడమనేది లేదు, కాపలా కాయనక్కర్లేదు. ఆ పాలు తోడుపెడితే పెరుగుకు దాలి కమ్మదనం వచ్చేది. మంట మానిన కుంపటి మీద రాచ్చిప్పలో పులుసు పెట్టి వదిలేసేవారు, రెండో పూటకు దాని రుచి ఇంకా పెరిగేది.

మా అబ్బాయి చెప్పగా తెలిసింది, ఈ కుక్కర్ పుట్టుక కూడా అలాంటి జ్ఞాపకంలోనే ఉందట. లిథువేనియాలో యూదుల ఇళ్లవారు శనివారం నిప్పు ముట్టించకూడదన్న ఆచారం వల్ల శుక్రవారం సాయంత్రమే చోలెంట్ అనే వంటకం కుండలను రొట్టెల బట్టీలో చల్లారుతున్న వేడిలో పెట్టి, మరునాడు తెచ్చుకునేవారు. ఆ సంగతిని తల్లి నోట విన్న ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన అమెరికాలో కరెంటుతో నడిచే కుండను తయారుచేసి 1940లో పేటెంటు పొందారు. 1971లో అది క్రాక్‌పాట్ అన్న పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మన దేశంలోనే 1910 ప్రాంతంలో కలకత్తాలో ఇందుమాధవ్ మల్లిక్ గారు ఇక్మిక్ కుక్కర్‌ను తయారుచేశారు. కింద బొగ్గులు, పైన వరుస డబ్బాలలో అన్నం, పప్పు, కూర పెట్టి పనికి వెళ్లి వచ్చేసరికి ఉడికి ఉండేవి.

కనుక అమ్మా మల్లెపందిరీ, మీ అత్తగారికి దాలి సంగతి గుర్తుచేయండి. నిప్పును బూడిద కింద కప్పి పొలం వెళ్లిన ఇళ్లలో పుట్టినవాళ్లమే మేమంతా. ఆమెకు ఆ జ్ఞాపకం ఉంటే భయం కొంత తగ్గుతుంది.

గటక గిన్నె (ఉప్పల్), సోమవారం రాత్రి 10:15

కుంపటి గారి మాటలు చదివి మా అవ్వ గుర్తుకు వచ్చింది. మాది వరంగల్ వైపు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవారు ఉంటే జొన్న గటకను స్లో కుక్కర్‌లో ప్రయత్నించమని చెప్పడానికి రాస్తున్నాను. పొయ్యి మీద గటక చేస్తే గరిటె తిప్పుతూ నిలబడాలి, ఒక్క నిమిషం ఏమరినా అడుగంటుతుంది. ఇక్కడ గిన్నె లోపల నెయ్యి రాసి, కప్పు జొన్న రవ్వకు ఐదు కప్పుల వేడినీళ్లు, ఉప్పు కలిపి 'లో'లో పెడితే పొద్దునకు మెత్తగా ఉంటుంది. వేడి గిన్నె గోడల నుంచి వస్తుంది కనుక అంచుల్లో మాత్రం పలుచగా చెక్కు కడుతుంది, మా పిల్లలు దానికోసమే పోటీపడతారు. పొద్దున చల్ల పోసుకుని ఉల్లిగడ్డ నంజుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

మల్లెపందిరి (మల్కాజిగిరి), నాలుగు వారాల తరువాత, శనివారం ఉదయం 8:40

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా ఆడపడుచుకు కుక్కర్ తేవద్దని చెప్పి, 230 వోల్టులది ఇక్కడే కొన్నాము. కుంపటి గారి ఉత్తరాన్ని అత్తయ్యగారికి చదివి వినిపించాను. వాళ్ల అమ్మగారి ఇంట్లోనూ దాలి ఉండేదట, ఆ పాల మీగడ కోసం అన్నదమ్ములతో పోట్లాడిన సంగతులు ఆ సాయంత్రమంతా చెప్పారు. అయినా మొదటి రాత్రి ఆవిడ రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్లి చూసి వచ్చారు. రెండోసారి మూత కూడా తీశారని ఉదయం తెలిసింది.

ఇప్పటికి దాల్చా రెండుసార్లు, శనగలు ఒకసారి, గటక మూడుసార్లు చేశాను. గటక అత్తయ్యగారికి బాగా నచ్చింది. మొదటి దాల్చాలో మటన్ చక్కగా ఉడికింది కానీ, నేను కుక్కర్‌లోనే చిన్న బంగాళదుంపలను కూడా పైన వేయడం వల్ల అవి గట్టిగా ఉండిపోయాయి. రసం కూడా పలుచగా వచ్చింది. కారణం ఏమై ఉంటుంది?

పోపులడబ్బా (నల్లకుంట), శనివారం ఉదయం 9:30

ఎంతో సంతోషం. ఈ కుక్కర్‌లో దుంపలు మాంసం కన్నా ఆలస్యంగా ఉడుకుతాయి. వాటిని రూపాయి బిళ్ల మందాన తరిగి, అడుగున, గిన్నె గోడలకు ఆనేలా పేర్చి, మాంసాన్ని వాటి మీద వేయండి. మూత తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది కనుక, అత్తయ్యగారిని గాజు మూతలో నుంచే చూడమనండి. రసం పలుచబడితే ఉదయం చివరి అరగంట మూత కొంచెం ఓరగా పెట్టి 'హై'లో ఉంచండి, లేదా గరిటెడు పప్పును గిన్నె గోడకు మెదిపి కలపండి. గిన్నె సగానికి తక్కువ కాకుండా, మూడు వంతుల్లో రెండు వంతులకు మించకుండా నింపుతున్నారా?

మల్లెపందిరి (మల్కాజిగిరి), శనివారం ఉదయం 9:50

అంచు దాకా నింపాను, పొరపాటు అదేనన్నమాట. వేడి గిన్నెలో చన్నీళ్లు పోసి నానబెట్టవచ్చా అన్నది కూడా చెప్పండి.

పోపులడబ్బా (నల్లకుంట), శనివారం ఉదయం 10:05

వద్దండి, పింగాణీ చిట్లుతుంది. నా మొదటి గిన్నె అలాగే పోయింది, అడుగున వెంట్రుక వాసి గీత పడి, మరుసటి రాత్రికి రసం కారడం మొదలైంది. పూర్తిగా చల్లారిన తరువాత గోరువెచ్చని నీళ్లు పోసి గంటసేపు ఉంచితే అంటుకున్నదంతా దానంతట అదే వదులుతుంది. అదే కారణంగా, ముందు రోజు మాంసాన్ని మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టదలిస్తే ఆ పింగాణీ గిన్నెలో కాకుండా స్టీలు గిన్నెలో పెట్టండి. గడ్డకట్టిన మాంసాన్ని మాత్రం పూర్తిగా కరిగిన తరువాతే వేయాలి. రేపటికి పాయా ప్రయత్నిస్తే కాళ్లను దుకాణంలోనే కాల్పించి తెచ్చుకోండి, ఇంట్లో గ్యాస్ మీద కాల్చడం చాలా శ్రమ.